‘ఇన్ ద రెడ్’ అంటే ఏమిటి? ఎర్రసిరా లెక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వాణిజ్య వార్తలను తెలుగులోకి తెచ్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పెద్ద పెద్ద సాంకేతిక పదాల దగ్గర అందరూ జాగ్రత్తపడతారు, నిఘంటువు తిరగేస్తారు. అర్థం దారి తప్పేది చిన్న మాటల దగ్గరే. అలాంటి మాటల్లో ‘ఇన్ ద రెడ్’ ఒకటి. విద్యార్థులు, కొత్తగా డెస్కులో చేరినవారు, ఇంట్లో పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు రాశాను.

‘ఇన్ ద రెడ్’ అంటే అసలు అర్థం ఏమిటి?

వచ్చినదానికన్నా పోయింది ఎక్కువైందని అర్థం. కంపెనీ విషయంలో అయితే నష్టం వచ్చిందని, ప్రభుత్వం విషయంలో అయితే లోటు ఏర్పడిందని, బ్యాంకు ఖాతా విషయంలో అయితే నిల్వ సున్నా కన్నా కిందికి దిగిందని. దీనికి ఎదురు మాట ‘ఇన్ ద బ్లాక్’, అంటే లెక్క మిగులులో ఉందని.

ఉగాది నాడు పంచాంగ శ్రవణం విన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. మీ రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని పంతులుగారు చదవగానే ఇంట్లో అందరి ముఖాలూ ఒకసారి వాడిపోతాయి. ఇంగ్లీషువాడు ఆ రాశిని ‘ఇన్ ద రెడ్’ అంటాడు.

నష్టానికి ఎరుపు రంగే ఎందుకు వచ్చింది?

లెక్కలన్నీ చేత్తో రాసిన కాలంలో గుమాస్తా బల్ల మీద సాధారణంగా రెండు సిరాబుడ్లు ఉండేవి, నలుపు ఒకటి, ఎరుపు ఒకటి. మామూలు అంకెలు నల్లసిరాతో రాసి, విడిగా కనబడవలసిన వాటికి ఎర్రసిరా వాడేవారు. మైనస్ గుర్తు ఒక సన్నని అడ్డగీత మాత్రమే. గీతలు గీసిన పుటలో, కలం ఒత్తిడి తగ్గినచోట అది కంటికి ఆనదు. ఎర్ర అంకె అలా కలిసిపోదు. పుట తిప్పుతూ చూసినా కంట్లో పడుతుంది.

అయితే పాత పద్దు పుస్తకాల్లో ఎర్రసిరా నష్టానికే కేటాయించిన రంగు కాదు. ఖాతా ముగించేటప్పుడు తేలిన నిల్వను రాయడానికి, మొత్తాల కింద గీతలు గీయడానికి కూడా దాన్ని వాడేవారు. సోవియట్ లెక్కల పద్ధతిలో ఇంకో వాడుక ఉంది. తప్పుగా రాసిన పద్దును కొట్టివేయకుండా, అదే మొత్తాన్ని ఎర్రసిరాతో మళ్లీ రాస్తారు. ఎర్రగా ఉన్నదాన్ని కూడికలో తీసివేయాలని లెక్క. రష్యాలో దీన్ని ‘ఎర్ర స్టోర్నో’ అంటారు. అక్కడ ఎర్ర అంకె చేసే పని తప్పు దిద్దడమే, నష్టంతో దానికి సంబంధం లేదు.

మన దగ్గర ఎరుపు శుభం కదా! లెక్కల పుస్తకానికి ఎర్ర అట్టే వేస్తాం కదా!

ఈ ప్రశ్న అడిగినవారంటే నాకు గౌరవం. ఈ నుడికారం మన మట్టిలో పుట్టలేదని గుర్తుపట్టినవారు వాళ్లు.

మా తాతగారికి బియ్యం కొట్టు ఉండేది. ఉగాదికి ముందు కొత్త పుస్తకం తెచ్చేవారు. పొడవుగా, ఎర్ర గుడ్డ అట్టతో, నడుమ తెల్లదారం కుట్టుతో ఉండేది. అట్ట నాలుగు మూలలకూ పసుపు పూసి, మొదటి పుట పైన ‘శ్రీ’ రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి ముందు ఉంచేవారు. మొదటి పుటలో ఖర్చు రాయకూడదు. ‘శ్రీ మహాలక్ష్మి జమ’ అని నూటపదహార్లు జమ కట్టి, ఆ తరువాతే మిగతా లెక్క మొదలుపెట్టేవారు. లోపల అంతా ఒకే సిరా, నీలి నలుపు. ఎవరి బాకీ ఎంత పెరిగినా రంగు మారేది కాదు. బాకీ తీరిన రోజున ఆ పద్దు మీద ఏటవాలుగా ఒక గీత కొట్టేవారు. ఆ గీత కొట్టేటప్పుడు బాకీ తీర్చిన మనిషి ఎదురుగా నిలబడి చూసేవాడు. అది చూడనిదే కొట్టు దిగేవాడు కాదు.

అంటే మన చిట్టా ఆవర్జాల (రోజువారీ పద్దు, ఖాతాల పుస్తకాల) సంప్రదాయంలో ఎరుపు అట్ట మీద ఉండి శుభాన్ని చెప్పింది. ఇంగ్లీషు పద్దుల్లో అది లోపలి పుటల్లోకి వెళ్లి లోటును చెప్పింది. 2019 జులై 5న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ పత్రాలను తోలు పెట్టెలో కాకుండా ఎర్ర గుడ్డలో చుట్టిన బహీఖాతాగా, అంటే సంప్రదాయ పద్దు పుస్తకంలా, పార్లమెంటుకు తెచ్చారు. ఆ ఎర్ర మూట లోపల ఉన్నది లోటు బడ్జెట్టే అయినా, చూసిన మనవాళ్లకు ఎరుపులో లోటు కనబడలేదు. కొత్త పుస్తకం పూజ గుర్తుకొచ్చింది.

అందుకే ‘కంపెనీ ఎరుపులోకి వెళ్లింది’ అని మక్కికి మక్కి రాస్తే తెలుగు పాఠకుడికి ఏమీ అందదు. పైగా మనకు ‘ఎరుపు’ అనగానే జెండా, ఉద్యమం గుర్తుకొస్తాయి.

ఈ మాట ఎప్పటి నుంచి వాడుకలో ఉంది?

పద్దుల్లో ఎర్రసిరా పాతదే. కానీ ‘ఇన్ ద రెడ్’, ‘ఇన్ ద బ్లాక్’ అనే నుడికారాలు అచ్చులో కనబడటం మొదలైంది 1920లలో, అమెరికాలో. ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానాన్ని ఇటలీ గణితవేత్త లూకా పాచోలి వెనిస్‌లో పుస్తకంగా అచ్చువేయించింది 1494లో. ఆ లెక్కన ఇది నిన్నమొన్నటి మాటే.

‘బ్లాక్ ఫ్రైడే’ అనే పేరు కూడా ఇందులోంచే వచ్చిందా?

చాలామంది అలాగే చెబుతారు. ఏడాదంతా నష్టాల్లో ఉన్న దుకాణాలు అమెరికా పండుగ థాంక్స్ గివింగ్ మరునాడు, శుక్రవారం జరిగే అమ్మకాలతో నల్లసిరాలోకి వస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని. వినడానికి ముచ్చటగా ఉన్నా నిజం కాదు. ఫిలడెల్ఫియా పోలీసులు 1950, 60లలో ఆ శుక్రవారం నాటి జనం రద్దీని, వాహనాల రద్దీని తిట్టుకుంటూ పెట్టిన పేరు అది. వ్యాపారులకు ఆ పేరు నచ్చలేదు. సిరా కథ 1980లలో ప్రచారంలోకి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, 1869 సెప్టెంబర్ 24న జే గూల్డ్, జేమ్స్ ఫిస్క్ అనే ఇద్దరు అమెరికా వ్యాపారులు బంగారం మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకోబోయి, ధర కుప్పకూలిన రోజును కూడా బ్లాక్ ఫ్రైడే అన్నారు. అక్కడ నలుపు అంటే లాభం కాదు, సర్వనాశనం.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. ఒక్క మాట లేదు, వెతకకూడదు కూడా. ఇంగ్లీషు ఒక రంగుతో సరిపెట్టిన చోట తెలుగుకు మూడు నాలుగు మాటలు ఉన్నాయి. ఏది పడితే అది వేస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

కంపెనీ ఒక కాలావధిలో సంపాదించినదానికన్నా ఎక్కువ ఖర్చుపెడితే అది ‘నష్టం’. ప్రభుత్వానికి, సంస్థకు, ఇంటికి రాబడి కన్నా వ్యయం ఎక్కువైతే ‘లోటు’. దాని ఎదురు మాట ‘మిగులు’. బ్యాంకులో ఉన్న డబ్బు కన్నా ఎక్కువ తీసుకుంటే నిల్వ సున్నా కిందికి దిగిందనో, ఓవర్‌డ్రాఫ్ట్ అనో అంటాం. ఇక ‘అప్పు’ వేరు. ‘ఇన్ ద రెడ్’ అని ఉన్నచోట చాలామంది ‘అప్పుల్లో కూరుకుపోయింది’ అని రాస్తారు. తప్పు సరిగ్గా అక్కడే జరుగుతుంది.

నెలకు 40,000 రూపాయలు సంపాదించే మనిషి ఈ నెల 46,000 ఖర్చుపెట్టాడనుకుందాం. అతడి ఈ నెల లోటు 6,000. అదే మనిషికి ఇంటి రుణం 30 లక్షలు ఉండవచ్చు. అది అతడి అప్పు. వచ్చే నెల 35,000తో సరిపెట్టుకుంటే అతడికి 5,000 మిగులు, కానీ అప్పు దాదాపు అంతే ఉంటుంది. లోటు ఒక నెలలోనో, ఏడాదిలోనో పుడుతుంది. అప్పు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. వేల కోట్ల అప్పు ఉండి కూడా ఏటా లాభం చూపే కంపెనీలు ఉన్నాయి. వాటిని ‘ఇన్ ద రెడ్’ అనరు.

కాలావధి కూడా చెప్పి తీరాలి. బీఎస్ఎన్ఎల్ సంగతి చూడండి. 2024 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మూడు నెలల్లో ఆ సంస్థకు 262 కోట్ల రూపాయల లాభం వచ్చింది. 2007 తరువాత లాభం చూసిన తొలి త్రైమాసికం అది. తరువాతి మూడు నెలల్లోనూ 280 కోట్ల లాభం. అయినా 2024-25 ఏడాది మొత్తానికి 2,247 కోట్ల నష్టం మిగిలింది. అంతకుముందు ఏడాది నష్టం 5,370 కోట్లు. ఇప్పుడు ‘బీఎస్ఎన్ఎల్ లాభాల బాట పట్టింది’ అని శీర్షిక పెట్టాలా, ‘నష్టాల్లోనే బీఎస్ఎన్ఎల్’ అని పెట్టాలా? మూడు నెలల లెక్క చెబుతున్నామా, ఏడాది లెక్కా అన్నది శీర్షికలోనే ఉంటే రెండూ నిజాలే. లేకపోతే రెండూ పాఠకుడిని తప్పుదారి పట్టిస్తాయి.

‘నష్టాల్లో’ తప్ప వేరే మంచి తెలుగు పలుకుబడులు లేవా?

బోలెడు ఉన్నాయి. నష్టాల్లోకి కొత్తగా దిగితే ‘నష్టాల్లోకి జారింది’ అంటాం. బాగా లోతుగా ఉంటే ‘పీకల్లోతు నష్టాల్లో ఉంది’, ‘నష్టాల ఊబిలో కూరుకుపోయింది’. బయటపడితే ‘గట్టెక్కింది’, ‘ఒడ్డున పడింది’, ‘లాభాల బాట పట్టింది’. లాభమూ నష్టమూ లేకుండా ఉంటే ‘పెట్టుబడి గిట్టింది’ అనవచ్చు. వచ్చిన నష్టం మూలధనాన్నే తినడం మొదలుపెడితే మన దగ్గర ‘అసలుకే ఎసరు వచ్చింది’ అనే మాట ఉంది. అంత పదునైన మాట ‘ఇన్ ద రెడ్’లో లేదు. ఎక్కడపడితే అక్కడ దాన్ని వాడి అరగదీయకూడదని నా మనవి.

కంపెనీ నష్టాల్లో ఉందంటే మునిగిపోతున్నట్టేనా?

కాదు. అమెజాన్ 1994లో మొదలై, 1997లో షేర్ మార్కెట్‌కు వచ్చింది. తొలి త్రైమాసిక లాభం చూసింది 2001 చివర్లో, అదీ 50 లక్షల డాలర్లే. ఏడాది మొత్తానికి లాభం వచ్చింది 2003లో. అంతకాలం నష్టాల్లో ఉన్నది గోదాములు కట్టడానికి, కొనుగోలుదారులను సంపాదించడానికి డబ్బు పోస్తూ ఉండటం వల్ల.

మరో రకం నష్టం విశాఖ ఉక్కుది. 2021-22లో సుమారు 913 కోట్ల లాభం చూసిన సంస్థ, 2022-23లో సుమారు 2,859 కోట్లు, 2023-24లో సుమారు 4,849 కోట్లు నష్టపోయింది. సొంత ఇనుప గనులు లేని కర్మాగారం ఖనిజాన్ని బయటి ధరకు కొనుక్కోవాలి. నడపడానికి చేతిలో డబ్బు తగ్గితే ఉత్పత్తి తగ్గుతుంది, ఉత్పత్తి తగ్గితే రాబడి ఇంకా తగ్గుతుంది, వడ్డీ మాత్రం ఆగదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. ఈ రెండు సంస్థల గురించీ ఇంగ్లీషులో ‘ఇన్ ద రెడ్’ అనే అంటారు. ఒకటి ఎదగడానికి పెట్టిన ఖర్చు, రెండోది ఊపిరి ఆడక వచ్చిన నష్టం. అందుకే ఈ మాట రాసిన ప్రతిసారీ పక్కనే కారణం కూడా ఒక్క వాక్యంలోనైనా రాయాలి. విశాఖలో వేల కుటుంబాలు ఆ వాక్యం కోసమే పత్రిక తెరుస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం కూడా ‘ఇన్ ద రెడ్’ అవుతుందా?

అవుతుంది. తెలుగువారికి ఇది బాగా తెలిసిన విషయమే. 2014 విభజన సమయంలో ‘మిగులు రాష్ట్రం’, ‘లోటు రాష్ట్రం’ అనే మాటలు ఇంటింటా వినబడ్డాయి. అవే మన ‘బ్లాక్’, ‘రెడ్’.

నెలవారీ లెక్కలో ఇంకో మెట్టు ఉంది. జీతాలు, పింఛన్లు ఇవ్వవలసిన రోజుకు ఖజానాలో డబ్బు చాలకపోతే రాష్ట్రం రిజర్వు బ్యాంకు దగ్గర స్వల్పకాలిక అడ్వాన్సు తీసుకుంటుంది. ఇంగ్లీషులో వేస్ అండ్ మీన్స్ అనే ఈ ఏర్పాటును తెలుగు పత్రికలు ‘చేబదుళ్లు’ అంటున్నాయి. ఎవరు తెచ్చారో గాని ఎంత చక్కని మాట! పక్కింటి నుంచి చేబదులు తెచ్చుకున్నంత తేలిగ్గా అర్థమవుతుంది. ఆ పరిమితి కూడా దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. వరుసగా 14 పనిదినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉండకూడదు. ఉంటే రిజర్వు బ్యాంకు చెల్లింపులు నిలిపివేయవచ్చు.

నా పొదుపు ఖాతా సున్నా కిందికి వెళ్తుందా?

కనీస నిల్వ లేదని వేసే రుసుము ఒక్కదాని వల్లే పొదుపు ఖాతా మైనస్‌లోకి పోకూడదు. రిజర్వు బ్యాంకు ఈ నిబంధనను 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చింది. మీ ఖాతాలో ఆ కారణంతో మైనస్ కనబడితే శాఖకు వెళ్లి, ఈ నిబంధన చెప్పి, లిఖితపూర్వకంగా అడగండి. మొహమాటపడవద్దు. జన్‌ధన్ ఖాతాల్లో అర్హత ఉన్నవారికి 10,000 రూపాయల వరకు ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం ఉంది. అదీ అప్పే, వడ్డీతో తీర్చవలసిందే.

అమెరికాకు చదువుకు వెళ్లే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఖాతా ఎర్రబడితే ఒక్కో లావాదేవీకి సుమారు 35 డాలర్లు వసూలు చేసే అలవాటు చాలా బ్యాంకులకు ఉండేది. ఇప్పుడు కొన్ని తగ్గించాయి, కొన్ని ఎత్తేశాయి. 2010 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఏటీఎంలోనూ, డెబిట్ కార్డుతో ఒకసారి జరిపే కొనుగోలులోనూ మీ సమ్మతి లేకుండా ఆ రుసుము వేయకూడదు. ఖాతా తెరిచే రోజు ముందు పెట్టే కాగితాల్లో ఆ సమ్మతి గడి కూడా ఉంటుంది. చదవకుండా టిక్కు పెట్టవద్దు.

షేర్ మార్కెట్ తెరపై కనబడే ఎరుపు కూడా ఇదేనా?

కాదు. అక్కడ ఎరుపు అంటే ముందు రోజు ముగింపు ధర కన్నా ఇప్పుడు ధర తక్కువగా ఉందని మాత్రమే. కంపెనీ మంచి లాభాల్లో ఉన్నా షేరు ఎర్రగా కనబడవచ్చు. చైనా తెరల మీద అయితే తలకిందులు, పెరిగితే ఎరుపు, తగ్గితే ఆకుపచ్చ. ఎరుపును శుభంగా చూడటంలో వాళ్లకూ మనకూ పోలిక ఉంది. అదే చైనా భాషలో లోటును ‘ఎర్ర అక్షరం’ అనే అర్థమున్న మాటతో చెబుతారు, జపాన్‌లోనూ అంతే. జర్మన్లు ‘ఎర్ర అంకెలు’ అంటారు.

లెక్కల నివేదికలో ఎర్ర అంకె బదులు బ్రాకెట్లు ఉంటాయి. ఎందుకు?

నలుపు తెలుపు ముద్రణలో, జిరాక్సులో రంగు పోతుంది, బ్రాకెట్లు పోవు. రెండింటికీ అర్థం ఒకటే.

ఇంగ్లీషులో రాసేటప్పుడు మనవాళ్లు చేసే తప్పు ఏమిటి?

నడుమ ఉన్న ‘ద’ను వదిలేయడం. తెలుగులో అలాంటి ఉపపదం లేదు కాబట్టి మనకు అది అనవసరంగా తోస్తుంది. ‘ఇన్ రెడ్’ అంటే ఎర్ర బట్టలు కట్టుకుందనో, ఎర్రసిరాతో రాసి ఉందనో అర్థం. ఇంకో సంగతి, ‘రెడ్’ ఉన్న ప్రతి మాటా డబ్బుకు సంబంధించింది కాదు. ‘రెడ్ టేప్’ ఆఫీసుల జాప్యం, ‘రెడ్ హ్యాండెడ్’ పట్టుబడటం. కంపెనీ తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మే ఐపీఓ సమయంలో వినబడే ‘రెడ్ హెర్రింగ్’ అనే వివరపత్రానికి మాత్రం సిరాతో చుట్టరికం ఉంది. ఇది ఇంకా తుది పత్రం కాదనే హెచ్చరికను అట్ట మీద ఎర్రసిరాతో అచ్చువేసే అలవాటు వల్ల ఆ పేరు వచ్చింది. నష్టంతో దానికి పని లేదు.

ఇంటి లెక్కకు ఈ మాట వాడవచ్చా?

నిరభ్యంతరంగా. మా ఇంట్లో జూన్ నెల ప్రతి ఏడూ లోటే. బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బస్సు పాసు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. చాలా ఏళ్లు జూన్ రాగానే ఇల్లు నష్టాల్లో పడిందన్నట్టు దిగులుపడేవాళ్లం, చేబదుళ్లకు వెళ్లేవాళ్లం. ఒక ఏడాది మా ఆవిడ పాత క్యాలెండర్ వెనక పన్నెండు నెలల ఖర్చు నిలువుగా రాసి కూడింది. ఏడాది మొత్తానికి కొద్దిగా మిగులే తేలింది. ఎర్రగా ఉన్నది జూన్ ఒక్కటే. ఆ ఏడాది నుంచి జూన్ ఖర్చును పన్నెండుతో భాగించి, జులై జీతం నుంచే నెలకు ఆ భాగం పక్కన పెడుతున్నాం.